హాలోవీన్‌కు పాత హారర్ సినిమా వేషాలు: మన ఉక్కలో మూడు గంటలు నిలవాలంటే ఎట్ల చేయాలి?

పెన్నగట్టు, అనంతపురం

అన్నలూ, అక్కలూ, నమస్తే. అక్టోబర్ 31 సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వాళ్ళం హాలోవీన్ పెట్టుకుంటున్నాం. రబ్బరు మాస్కులు కొనొద్దు, నలుపు తెలుపు కాలం సినిమాల్లోని వేషాలు ఇంట్లోనే తయారు చేసుకుందామని నలుగురం అనుకున్నాం. మమ్మీ, ఫ్రాంకెన్‌స్టైన్, డ్రాకులా, తోడేలు మనిషి. పన్నెండు రోజుల టైముంది. కుట్టుమిషన్ ఉంది, కుట్టడం వచ్చు. మేకప్ మాత్రం ఎవరికీ రాదు.

మమ్మీకి మెడికల్ షాపులో దొరికే గాజు గుడ్డ చుట్టాలా, ఇంట్లోని పాత పంచెలు పనికొస్తాయా? ఎంత గుడ్డ పడుతుంది? ఫ్రాంకెన్‌స్టైన్ చదును తలకాయ థర్మకోల్‌తో చేస్తే నిలుస్తుందా? ముఖానికి పోస్టర్ కలర్స్ పూయొచ్చా? వీటన్నిటికంటే చెమట భయం ఎక్కువగా ఉంది. వాన పడి ఆగిన రోజైతే ఇక్కడ రాత్రి తొమ్మిదైనా ఉక్క పోదు. మధ్యలో భోజనాలు కూడా ఉన్నాయి.

బురుజునీడ, కర్నూలు

మమ్మీ గురించి నేను చెప్తా, తలకాయ గురించి చేయి తిరిగినవాళ్ళు చెప్తారు.

గాజు గుడ్డ వద్దు తమ్ముడూ. అల్లిక మరీ పలచన. లోపలి బనియన్ కనపడుతుంది, కొంచెం లాగితే తాడులాగ సన్నబడిపోతుంది. పాత నూలు పంచెకు మించింది లేదు. 8 మూరల పంచె పొడవు 3.6 మీటర్లు, పన్నా సుమారు 1.2 మీటర్లు. పొడవు వెంబడి 6 సెంటీమీటర్ల పట్టీలుగా చింపితే 20 వస్తాయి, అంటే మొత్తం 70 మీటర్ల పైమాటే. ఒక పట్టీ మీద ఇంకోటి సగం పడేటట్టు చుట్టినా మామూలు మనిషి ఒంటికి ఒక పంచె దాదాపు సరిపోతుంది. తలకు, వేలాడే కొసలకు ఇంకొకటి పెట్టుకోండి. కత్తెరతో మొత్తం కత్తిరించొద్దు. అంచు దగ్గర చిన్న గాటు పెట్టి చేత్తో చింపండి. పోగులు లేచిన ఆ అంచే గుడ్డకు పాతదనం తెస్తుంది. రంగు అంచు, జరీ అంచు ఉంటే ముందే తీసేయండి.

పంచె అచ్చంగా నూలేనా అన్నది చూసుకోవాలి. ఒక పోగు లాగి కాల్చండి. కాగితం కాలిన వాసనొచ్చి బూడిదైతే నూలు. కరిగి నల్లగా పూస కట్టిందంటే పాలిస్టర్ కలిసింది, పాతగా కనపడటానికి మనం వేసే టీ రంగు దానికి సరిగా పట్టదు. గంజి పెట్టిన పంచె అయితే వేడినీళ్ళలో సబ్బేసి బాగా ఉతకాలి, లేకపోతే రంగు గంజి మీదనే ఆగిపోయి తర్వాత రాలుతుంది.

5 లీటర్ల నీళ్ళలో 100 గ్రాముల టీ పొడిని మూటకట్టి వేసి పావుగంట మరగనివ్వండి. పట్టీలను మామూలు నీళ్ళలో తడిపి పిండి, ఆ డికాషన్‌లో అరగంట పైన నానబెట్టండి. ఆరినాక రంగు తేలుతుంది కాబట్టి మీకు కావలసిన దానికంటే ముదురుగా ఉన్నప్పుడే తీయాలి. తీసినాక తీగ మీద చక్కగా పరిచి ఆరేస్తే కొత్త కర్టెన్ గుడ్డలాగ ఒకే రంగులో వస్తుంది. ముద్దగా నలిపి నీడన పెట్టి, సగం ఆరినాక విప్పండి. మడతల్లో రంగు చేరి, అక్కడక్కడ చారలు పడి సమాధిలోంచి తీసినట్టే ఉంటుంది. సమాధి దుమ్ముకు మీ ఊరి ఎర్రమన్నే చాలు. సన్నగుడ్డలో జల్లించి, పలచని గంజిలో కలిపి, భుజాలు, మోకాళ్ళు, మోచేతుల దగ్గర బ్రష్షుతో అద్దండి. పొడిమన్ను అట్లే రుద్దితే మాత్రం అది గొంతులోకీ అన్నం పళ్ళెంలోకీ రాలుతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది చుట్టేదగ్గరే. ఒంటికి నేరుగా చుడితే పది నిమిషాలకే జారుతుంది. జారకూడదని బిగిస్తే చేతులు తిమ్మిరెక్కుతాయి. బాత్రూమ్‌కు పోవాలంటే అంతా విప్పాల్సిందే. అందుకని వదులుగా ఉండే నిండు చేతుల నూలు బనియన్, పైజామా తీసుకొని వాటినీ అదే డికాషన్‌లో ముంచండి. మనిషికి అవి తొడిగి, వాటి మీద పట్టీలు చుడుతూ జానెడుకొక చోట సూదితో టాకా వేయండి. మోచేయి, మోకాలు వంచి ఉంచినప్పుడే అక్కడ చుట్టాలి. చాచినప్పుడు చుట్టి కుట్టేస్తే కుర్చీలో కూర్చోగానే టాకాలు పటపట తెగుతాయి. బనియన్, పైజామా కలిపి కుట్టొద్దు, నడుము దగ్గర వేలాడే కొసలు ఆ సందును కప్పేస్తాయి. చంకల్లో, తొడల లోపలివైపు, వీపు కిందిభాగంలో పట్టీలు వద్దే వద్దు. అక్కడ ఎవరికీ కనపడదు, చెమట పోయే దారి మాత్రం ఉంటుంది.

1932 నాటి మమ్మీ సినిమాలో బోరిస్ కార్లాఫ్ గుడ్డలు చుట్టుకొని కనిపించేది మొదట్లోనే. ఆ తర్వాత సినిమా అంతా పొడవాటి అంగీ, తలమీద కుచ్చున్న పొడవాటి ఫెజ్ టోపీ, ఎండిన తోలులాంటి ముఖం, అంతే. ఆ గుడ్డల వేషం వేయడానికి ఎనిమిది గంటలు పట్టేదంట. ఉక్కకు తట్టుకోలేని వాళ్ళుంటే ఆ అంగీ వేషం వేయండి, అదీ అసలు సినిమాలోని మమ్మీనే.

పోగులు లేచిన నూలుగుడ్డకు నిప్పు ఇట్టే అంటుకుంటుంది. 2024లో దీపావళి, హాలోవీన్ ఒకేరోజు వచ్చాయి. మిగతా ఏళ్ళలోనూ అటూఇటూగా దగ్గరదగ్గరే ఉంటాయి. గుమ్మడికాయల్లో కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు పెట్టండి. టపాకాయలు కాల్చేచోటికి మమ్మీని పంపొద్దు.

అట్టముక్క, గుంతకల్లు

తల గురించి. ముందుగా పేరు: ఫ్రాంకెన్‌స్టైన్ అనేది ఆ శాస్త్రవేత్త పేరు. మేరీ షెల్లీ 1818 నవలలోగానీ 1931 సినిమాలోగానీ అతను తయారు చేసిన భూతానికి సొంత పేరు లేదు. మనందరికీ తెలిసిన చదును తల, మెడకు రెండువైపులా లోహపు ముక్కలు, బరువైన కనురెప్పలు, ఈ రూపమంతా ఆ సినిమాకు మేకప్ చేసిన జాక్ పియర్స్ తయారు చేసింది.

థర్మకోల్‌తో చేయొచ్చుగానీ మూడు గంటలు పెట్టుకొని తిరిగే తలకు అది సరిరాదు. వంగదు, తగిలితే పగులుతుంది. చెప్పులు అతికించే రబ్బరు సొల్యూషన్ రకం జిగురు పూస్తే థర్మకోల్ కరిగి గుంతలు పడుతుంది. ఫెవికాల్ అయితే కరగదు, కానీ ఆరడానికి రాత్రంతా కావాలి. నా మాటగా 5 మిల్లీమీటర్ల ఈవీఏ ఫోమ్ (మెత్తగా వంగే రబ్బరులాంటి) షీటు తెచ్చుకోండి. పెద్ద స్టేషనరీ షాపుల్లో, ఆన్‌లైన్లో దొరుకుతుంది. పాత యోగా మ్యాటు ఉన్నా పని జరుగుతుంది.

తల చుట్టుకొలత కనుబొమల మీదుగా తీసుకోండి. 57 సెంటీమీటర్లు అనుకుందాం. దానికి 4 కలిపి 61 సెంటీమీటర్ల పట్టీ కోయండి. నుదురు వైపు ఎత్తు 14, వెనకవైపు 10 ఉండేటట్టు వాలుగా రావాలి. పైన మూత 20 పొడవు, 16 వెడల్పున్న కోడిగుడ్డు ఆకారం. పట్టీని ఇస్త్రీపెట్టె దగ్గర, లేదా హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి చేత్తో వంచి పట్టుకుంటే చల్లారినాక ఆ వంపులోనే ఉండిపోతుంది. రబ్బరు జిగురును రెండు అంచులకూ పలచగా రాసి, వేలితో తాకితే అంటీ అంటనట్టు ఆరేదాకా, దాదాపు పది నిమిషాలు, ఆగండి. అప్పుడు ఒక్కసారే ఆనించాలి. తడిగా ఉన్నప్పుడే నొక్కితే జారిపోతుంది, అతుకు రాదు. వెనకవైపు అతికించకుండా వెల్క్రో పెడితే తలకు తగ్గట్టు బిగించుకోవచ్చు, భోజనానికి తీసి పక్కన పెట్టుకోవచ్చు. గ్లూగన్‌తోనూ అతుకుతుందిగానీ ఆ తలను ఎండలో నిలిపిన కారులో వదిలారంటే అతుకులు మెత్తబడి విడిపోతాయి.

కనుబొమల దిమ్మె ఈ వేషానికి ప్రాణం. 3 సెంటీమీటర్ల వెడల్పున్న ఫోమ్ ముక్కలు రెండు ఒకదాని మీద ఒకటి అతికించి, పట్టీ కింది అంచున ముందుకు పొడుచుకొచ్చేలా పెట్టండి. పైనుంచి దీపం పడితే కళ్ళు దానంతటవే గుంతల్లో పడ్డట్టుంటాయి. చర్మానికి ఆనే అంచును లోపలివైపు నుంచి ఏటవాలుగా చెక్కి, గరుకు కాగితంతో రుద్ది పలచన చేయాలి. ఈ పని వదిలేస్తే పెట్టుకున్నది టోపీ అని పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది.

ఫోమ్ మీద నేరుగా రంగేస్తే పీల్చుకుంటుంది, వంచినప్పుడు పెచ్చులూడుతుంది. ఫెవికాల్, నీళ్ళు సమానంగా కలిపి మూడు పూతలు, ఒకటి ఆరినాకే ఇంకోటి. ఆ పైన అక్రిలిక్ రంగు. ముఖానికి పూసే రంగును ముందు ముంజేతి మీద పూసి ఆరనిచ్చి, ఆరిన రంగుకు సరిపోయేలా తల రంగు కలపండి. ఏ లైట్ల కింద తిరుగుతారో ఆ లైట్ల కిందే కలపాలి. పగటి వెలుగులో సరిపోయింది రాత్రికి తేడాగా కనపడుతుంది. జుట్టుకు నల్ల ఉన్నిదారం చాలు. ముందుభాగంలో నుదుటి మీద పొట్టిగా, నిటారుగా పడాలి. జుట్టు కింద దాగేచోట ఏడెనిమిది రంధ్రాలు పొడిచి, లోపల నూలు రుమాలు అతికించండి. చెమట కళ్ళలోకి రాకుండా ఆ రుమాలు పీల్చుకుంటుంది.

మెడ బోల్టులు చర్మానికి అతికించొద్దు, చెమటకు అరగంటలో ఊడతాయి. నీళ్ళ సీసా మూతలకు వెండిరంగు వేసి, ముఖం రంగులో ఉన్న రెండు వేళ్ళ వెడల్పు రిబ్బనుకు కుట్టి మెడకు కట్టండి.

బూట్ల ఎత్తు పెంచాలనుకుంటే పాత హవాయి చెప్పుల అట్టలు రెండు వరసలు, అంతకంటే వద్దు. పైగా ముందు పాదం కిందా, మడమ కిందా సమానంగా ఉండాలి. అపార్ట్‌మెంట్ మెట్లెక్కే పని ఉంటే అసలు పెట్టొద్దు, కాలు మడతపడుతుంది. కోటు చేతులు పొట్టిగా చేస్తే ఎత్తు దానంతటదే వచ్చినట్టు కనపడుతుంది.

కుట్టుమిషన్, ప్రొద్దుటూరు

కోటు మాట పైన వచ్చింది కాబట్టి అదే ముందు. పాత నల్లకోటు చేతులు మణికట్టుకు 8 నుంచి 10 సెంటీమీటర్ల పైకి మడిచి లోపల టాకా వేయండి. కత్తిరించే పనిలేదు, తర్వాత విప్పుకోవచ్చు. 1931 సినిమాలో భూతం వేషం వేసింది కూడా కార్లాఫే, ఆయన చేతులు అంత పొడవుగా కనిపించడానికి కారణం అదే. కోటు లోపలి లైనింగ్ విప్పేస్తే సగం వేడి తగ్గుతుంది.

డ్రాకులా కేప్, అంటే భుజాల మీంచి వేలాడే గుడ్డ, అర్ధచంద్రంగా కత్తిరించాలి. మ్యాచింగ్ సెంటర్లో శాటిన్ పన్నా సాధారణంగా 44 అంగుళాలు, అంటే 112 సెంటీమీటర్లు. మెడ చుట్టు 40 సెంటీమీటర్లయితే మెడ గుంతకు వ్యాసార్ధం 40ని 3.14తో భాగిస్తే 12.7. 112లోంచి అది పోయి, అంచు మడతకు 2 పోతే మిగిలే పొడవు 97 సెంటీమీటర్లు. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి మోకాలిదాకా వస్తుంది. గుడ్డ రెండుంబావు మీటర్లు తీసుకోండి. మడమలదాకా కావాలంటే కిందివైపు ఇంకో ముక్క జోడించాలి, ఆ అతుకు మడతల్లో కనపడదు. మోకాలిదాకా ఉన్నా డాన్సులో, మెట్ల మీద కాళ్ళకు అడ్డం పడదు, నేనైతే దానికే ఓటేస్తా. కత్తిరించినాక ఒకరోజు హ్యాంగర్‌కు వేలాడదీయండి. ఏటవాలుగా ఉన్నచోట శాటిన్ సాగి కిందికి దిగుతుంది. దిగినంతా దిగినాక అంచు సరిచేసి మడిస్తే తోకలు రావు.

కాలరే డ్రాకులాకు గుర్తు. 15 సెంటీమీటర్ల ఎత్తు, లోపల రెండు పొరల బక్రం (కాలర్లు నిలబడటానికి వేసే గట్టి గుడ్డ). ఒక్క పొర వేస్తే చెమట తేమకు గంటలో వాలిపోతుంది. నిలువునా రెండు చోట్ల సన్నటి ప్లాస్టిక్ ముక్కలు, ఫైలు అట్టలోంచి కోసినవి, గొట్టంలా కుట్టి దూర్చండి. మెడకు తగిలే లోపలివైపు శాటిన్ వద్దు, నూలు లైనింగ్ వేయండి. కేప్ బరువంతా గొంతు మీద లాగకుండా, భుజాల దగ్గర చొక్కాకు రెండు ప్రెస్ బటన్లు కుట్టండి.

కోరలు కొనొద్దు. 1931 డ్రాకులా సినిమాలో ఆ వేషం వేసిన బేలా లుగోసికి కోరలే లేవు. కోరలు, ఎర్రకళ్ళు 1958లో క్రిస్టఫర్ లీ వేసిన డ్రాకులావి. కోరలు లేకపోతే మాట స్పష్టంగా వస్తుంది, అన్నం తినొచ్చు. జుట్టు నూనెతో వెనక్కి అణచి దువ్వి, తెల్లచొక్కా, తెల్ల బో టై వేసుకొని, చేతివేళ్ళు విప్పి నెమ్మదిగా కదిలిస్తే చాలు.

రంగులపెట్టె, కడప

పోస్టర్ కలర్స్ ముఖానికి ఎంతమాత్రం వద్దమ్మా. అవి కాగితానికి చేసినవి. ఆరినాక చర్మం బిగుసుకుంటుంది, చెమటపట్టినప్పుడు కళ్ళలోకి కారి మండుతుంది. హోలీ రంగులు, ఫ్యాబ్రిక్ పెయింటు కూడా వద్దు. పాత నాటకాల వాళ్ళు పసుపు ఛాయకు అర్దళం వాడేవాళ్ళు. ఎవరైనా పెద్దవాళ్ళు అది పెట్టమన్నా వినొద్దు, అది ఆర్సెనిక్ ఖనిజం. చర్మానికని అమ్మే నీటి ఫేస్ పెయింట్ బిళ్ళలు తెలుపు, ఆకుపచ్చ, నలుపు, గోధుమ తెచ్చుకుంటే నలుగురికీ సరిపోతాయి. నాటకాల డ్రెస్సులు అద్దెకిచ్చే వాళ్ళ దగ్గర స్పిరిట్ గమ్ (ముఖానికి వెంట్రుకలు అంటించే జిగురు), క్రేప్ జుట్టు (వేషాలకు వాడే కట్టుడు జుట్టు) దొరుకుతాయి. 1885లో మన కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటకాలు ఊరూరా తిరిగిన ప్రాంతం ఇది, మేకప్ సామాను తెలిసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెళ్ళి అడగండి, ప్రేమగా చెప్తారు.

ఏది తెచ్చినా ఒకరోజు ముందే మోచేతి లోపలివైపు రూపాయి బిళ్ళంత పూసి చూసుకోండి. దురద, ఎర్రదనం వస్తే ఆ రంగు వదిలేయడమే.

ఫ్రాంకెన్‌స్టైన్ భూతానికి చిలకపచ్చ పూస్తున్నారు, అది కార్టూన్ల రంగు. కార్లాఫ్‌కు బూడిద కలిసిన ఆకుపచ్చ పూసింది నలుపు తెలుపు ఫిల్ములో శవంలా పాలిపోయినట్టు పడటానికి. తెలుపు ఆరు పాళ్ళు, ఆకుపచ్చ ఒక పాలు, నలుపు చిటికెడు. స్పాంజి తడిపి గట్టిగా పిండి, అద్దుతూ పలచగా ఒక పూత, ఆరినాక ఇంకో పూత. లాగి పూస్తే గీతలు పడతాయి. మందంగా ఒకేసారి పూస్తే నవ్వినప్పుడు పెదవుల పక్కన పగుళ్ళు. చెవులు, మెడ, చేతులు మరిచిపోవద్దు. బుగ్గలు లోపలికి పోయినట్టు గోధుమరంగు నీడ, కనురెప్పల మీద ముదురు బూడిద. చివర్లో ముఖానికి పౌడరు అద్ది, ఎక్కువైంది మెత్తటి బ్రష్షుతో దులపండి. చెమట వస్తే తుడవొద్దు, టిష్యూ ఆనించి తీసేయాలి.

తోడేలు మనిషి విషయంలో ఓపిక కావాలి. 1941 సినిమాలో లాన్ చేనీ జూనియర్ ముఖానికి జడలబర్రె వెంట్రుకలు అంటించారు. మనకు పాత సవరం ఉంది. దాన్ని 5 సెంటీమీటర్ల ముక్కలుగా కత్తిరించి, పలచగా విప్పండి. ముఖానికి నేరుగా అంటించే బదులు దోమతెర గుడ్డను చెంప ఆకారంలో రెండు, గడ్డానికి ఒకటి, నుదుటికి ఒకటి కోసి, ముందురోజే వాటి మీద ఫెవికాల్‌తో వెంట్రుకలు అతికించి ఆరనివ్వండి. కిందినుంచి మొదలుపెట్టి పైకి రావాలి, కొట్టానికి బోద కప్పినట్టు పైవరస కింది వరస మొదళ్ళను కప్పాలి. పైనుంచి మొదలుపెడితే ప్రతి వరస మొదలూ బయటపడి చీపురు కట్టలా ఉంటుంది. ఆ రోజు తెర అంచులకు మాత్రం స్పిరిట్ గమ్ రాసి, జిగట వచ్చేదాకా వేలితో తట్టి, ముఖానికి ఆనించండి. పెదవుల చుట్టూ రెండు వేళ్ళంత వదిలేస్తేనే భోజనం సాధ్యం. కళ్ళ దగ్గరికి గమ్ పోకూడదు. ముక్కు చివర నలుపు, చుట్టూ గోధుమ. బట్టలు సినిమాలోలాగే ముదురు చొక్కా, ప్యాంటు. చొక్కా గుండీల సందులో, మణికట్టు దగ్గర కొంచెం జుట్టు బయటికి కుట్టి వదలండి, ఒళ్ళంతా అంటించే అవసరం ఉండదు.

పెన్నగట్టు, అనంతపురం

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. రెండు చిక్కులొచ్చాయి. డ్రాకులా వేసే ఆయన మీసం తీయనంటున్నాడు. మా పక్కింటావిడ కూడా ఏదన్నా వేస్తానంటోంది, ఆమెకు ముఖానికి రంగంటే పడదు. ఇంకోటి, ఏడు గంటలకు కార్యక్రమమైతే ఎన్నింటికి మొదలుపెట్టాలి?

కుట్టుమిషన్, ప్రొద్దుటూరు

మీసం తీయనక్కరలేదు. బ్రామ్ స్టోకర్ 1897 నవలలో డ్రాకులాకు పొడవాటి తెల్లమీసం ఉంటుంది. మీసానికి, కణతలకు తెల్ల ఫేస్ పెయింటు బ్రష్షుతో అద్దితే నవలలోని డ్రాకులా అవుతాడు. లుగోసిలాగే కావాలంటే మాత్రం ఆయన్ను మమ్మీ చేసి, మమ్మీ వేసేవాళ్ళకు కేప్ ఇవ్వండి.

పక్కింటావిడకు 1935 నాటి ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమాలోని వధువు వేషం వేసి చూడండి. ఎల్సా లాంచెస్టర్ వేసిన పాత్ర అది. నిటారుగా లేచిన జుట్టు, రెండు కణతల నుంచీ మెరుపులాగ పైకి పోయే తెల్లచార, పొడవాటి తెల్లగౌను. సన్నటి ఇనుపవలతో గంప ఆకారం చేసి, కొసలు లోపలికి మడిచి, గుడ్డ కప్పి, దాని మీదికి జుట్టు దువ్వి పిన్నులు పెట్టాలి. పొడవు చాలకపోతే సవరం. చారలకు తెల్ల ఉన్నిదారం ఒత్తుగా కుట్టేస్తే రంగు రాలే బాధ లేదు, ముఖానికి ఏమీ పూయనక్కరలేదు.

రంగులపెట్టె, కడప

టైము లెక్క ఇది. తోడేలుకు గంటన్నర, భూతానికి గంట, వధువు జుట్టుకు ముప్పావుగంట, డ్రాకులాకు అరగంట, ముందే కుట్టి ఉంచిన మమ్మీకి ఇరవై నిమిషాలు. మేకప్ చేసేది ఒక్కరే అయితే మూడు గంటలకే మొదలుపెట్టాలి. మేకప్ మొత్తం ఫ్యాను కిందే జరగాలి. వధువు జుట్టును ముందు కట్టేయండి, అది చెదరదు. తర్వాత డ్రాకులా, ఆ పైన తోడేలు. భూతం రంగు అందరికంటే తొందరగా చెడుతుంది కాబట్టి చివర్లో. మమ్మీ వేసేవాళ్ళు ముఖాన్ని చల్లనీళ్ళతో కడుక్కొని ఆరున్నరకు తొడుక్కుంటే చాలు. మేకప్ మొదలయ్యేముందు అందరూ కడుపునిండా నీళ్ళు తాగి బాత్రూమ్‌కు పోయి రావాలి.

రాత్రి తోడేలు వెంట్రుకలను పీకొద్దు, చర్మం లేస్తుంది. తెర అంచుల మీద కొబ్బరినూనె రాసి ఐదు నిమిషాలు ఆగితే గమ్ వదులవుతుంది, అంచు దానంతటదే లేస్తుంది. మిగిలిన జిగట పోవడానికి మళ్ళీ నూనె రాసి, శనగపిండితో కడుక్కోండి.